ఉలి ఇవ్వలేదు సరే, మిషనైనా ముట్టుకోనివ్వరా?

మొన్న ఏప్రిల్ 14కు మన ప్రత్తిపాడు దగ్గరి ఒక పల్లె కుర్రాళ్ళు తలా కొంత వేసుకుని బాబాసాహెబ్ బొమ్మ చెక్కించుకొచ్చారు. ఫ్లెక్సీ కాదు, రంగు ఫొటో కాదు. మూడడుగుల చెక్క పలక మీద కళ్ళజోడు, కోటు గుండీలు, చేతిలో పుస్తకం అన్నీ లోతుగా, నున్నగా దిగిన బొమ్మ. ఏ శిల్పి చేశాడో అనుకున్నాం. "చెయ్యి కాదు మాస్టారూ, మిషను చెక్కింది. సీఎన్‌సీ మిషను. రెండు గంటల్లో అయిపోయింది" అన్నారు.

ఆ మిషను ఉన్న షెడ్డులో పనిచేసేవాడు కూడా ఆ పల్లె పిల్లోడే. ఇంటర్ పాసయ్యాడు. అక్కడ చేరి రెండేళ్ళయింది. "అయితే ఈ బొమ్మ నువ్వే చెక్కావన్నమాట అబ్బాయ్" అన్నాం సంతోషంగా. వాడు తల వంచుకున్నాడు. "లేదు మాస్టారూ. చెక్క మోసి బల్ల మీద పెట్టింది నేను. బొమ్మ అయ్యాక పొట్టు ఊడ్చింది నేను. మౌసు మాత్రం ముట్టుకోనివ్వరు."

ముట్టుకోనివ్వరు! ఈ మాట మనకు కొత్త కాదు. చెరువు దగ్గర విన్నాం, బావి దగ్గర విన్నాం, హోటల్లో గ్లాసు దగ్గర విన్నాం. ఇప్పుడు కంప్యూటర్ దగ్గర వింటున్నాం. ఆ షెడ్డు యజమానిని అడిగితే కులం అని చెప్పడు. "ఖరీదైన సరుకండీ, పాడు చేస్తారు" అంటాడు. నిజంగా అతని భయం అదే కావచ్చు. కానీ రెండేళ్ళ నుండి ఆ మిషను పక్కనే నిలబడ్డవాడు పాడు చేస్తాడనీ, నిన్నగాక మొన్న వచ్చిన తన బావమరిది పాడు చెయ్యడనీ అతనికి ఎట్లా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు అతని దగ్గర లేదు. మన దగ్గర ఉంది. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు ఈ మిషను ఏమిటో అందరం తెలుసుకోవాలి. తెలియని వస్తువు మీద హక్కు అడగలేం గదా.

ఒక పెద్ద ఇనుప బల్ల. మామూలుగా నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అంటే అంగట్లో దొరికే ప్లైవుడ్ షీటు కొలత. బల్ల మీద అడ్డంగా ఒక దూలం. ఆ దూలం ముందుకూ వెనక్కూ నడుస్తుంది. దూలానికి బిగించిన మోటారు పక్కలకు జరుగుతుంది, పైకీ కిందికీ దిగుతుంది. మోటారు కొనకు పెన్సిలంత కత్తి ఉంటుంది, బిట్టు అంటారు. అది నిమిషానికి 18 వేలు, 24 వేల చుట్లు తిరుగుతూ చెక్కను తొలుస్తుంది. కత్తి ఎటు ఎంత దూరం పోవాలి, ఎన్ని మిల్లీమీటర్ల లోతు దిగాలి అనేది కంప్యూటర్ అంకెల్లో చెబుతుంది. ఆ అంకెల వరుసను జీ-కోడ్ అంటారు. ఇట్లాంటి మిషన్లలోనే రకరకాలున్నాయి. టేకు, ఎండీఎఫ్ చెక్క, దుకాణాల బోర్డులకు వాడే అక్రిలిక్, ఏసీపీ షీట్లు కోసేవి ఉన్నాయి. గ్రానైటు పలకల మీద అక్షరాలు చెక్కే బరువు మిషన్లు కూడా ఉన్నాయి.

ఇందులో అర్థం కాని బ్రహ్మవిద్య ఏమీ లేదు. మేము తరగతిలో నిరూపక జ్యామితి చెబుతాం. అడ్డగీత ఎక్స్ అక్షం, నిలువుగీత వై అక్షం, గ్రాఫు కాగితం మీద ఒక బిందువు. "ఇది యెందుకు పనికొస్తుంది సార్" అని పిల్లలు అడుగుతారు. ఇదిగో, ఇందుకు పనికొస్తుంది. ఆ రెండు గీతలకు లోతు కోసం మూడో గీత కలిపితే అదే ఆ మిషను చదువు. హైస్కూలు లెక్కలు వచ్చిన పిల్లోడు, పిల్ల ఎవరైనా నేర్చుకోగలరు.

ఇక ఉలి సంగతి చూద్దాం.

మా చిన్నప్పుడు మా ఇంటికి తలుపు లేదు, తాటాకు తడికె. కాలనీ ఇల్లు వచ్చాక తలుపు కావాల్సొచ్చింది. మా నాయన తుమ్మ చెక్క నెత్తిన పెట్టుకుని ఊళ్ళో వడ్రంగి ఇంటికి పోయాడు. ఆయన పల్లెలోకి వచ్చి గుమ్మం కొలవడు. నాయనే పగ్గం ముక్కతో కొలత తీసుకుపోయి, ఆయన వాకిలి బయట నిలబడి చూపించాడు. తలుపు తెచ్చి బిగిస్తే అంగుళం తక్కువ! ఆ సందులోంచి మేము పదేళ్ళు ఎండా వానా చూశాం. ఆ వడ్రంగి చెడ్డవాడని మేము అనటం లేదు. పని తెలిసిన మనిషి. ఆయన్ని పల్లెలోకి రానివ్వని కట్టుబాటే మా తలుపును అంగుళం కోసేసింది.

ఉలి పట్టటం ఆయన కొడుక్కి వచ్చింది. మనకు రాలేదు. మనకు చేతులు లేక కాదు. వడ్రంగి ఇంట్లో పుడితేనే ఉలి, కమ్మరి ఇంట్లో పుడితేనే కొలిమి, మాదిగ ఇంట్లో పుడితే ఆరె, రంపె. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే తప్పేమిటి అంటారు పెద్దమనుషులు. 1936లో ‘కుల నిర్మూలన’ రాసినప్పుడే అంబేడ్కర్ దీనికి జవాబు చెప్పాడు. కులం పనులను పంచే ఏర్పాటు కాదు, పనిచేసే మనుషులనే ఒకరికొకరు అందకుండా అరల్లో పెట్టి, ఒకరి మీద ఒకరిని నిలబెట్టే ఏర్పాటు అని తేల్చాడు. ఆ మెట్ల మీద ఉలికి ఒక మెట్టు, మగ్గానికి ఒక మెట్టు. ఆరె, రంపెలకు మెట్టే లేదు, ఊరవతల.

ఇంకో మాట. ఈ మిషన్లు వచ్చి వడ్రంగి కళ పోయిందని ఈ మధ్య పట్నం పెద్దలు బాధపడుతున్నారు. బాధ న్యాయమైనదే. కానీ ఒకటి అడుగుతాం. మోటబావికి తోలు తొండం కుట్టింది మాదిగ. ఆయిలు ఇంజను, కరెంటు మోటారు వచ్చాక ఆ పని పోయింది. రైతు కాళ్ళకు చెప్పులు కుట్టింది మాదిగ. ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక ఆ పనీ పోయింది. మాలపల్లెల్లో ముతక బట్ట నేసిన మగ్గం గుంటలు మిల్లు బట్ట దెబ్బకు పూడిపోయాయి. అప్పుడు ‘కళ పోయింది’ అని ఏడ్చినవాళ్ళు ఎవరు? తోలు ఊనటం కళ కాదా? రసాయనం తెలియకుండానే తంగేడు చెక్కతో తోలు ఊనిన మన తాతలకు శాస్త్రం లేదా? మనది మురికి, వాళ్ళది నైపుణ్యం! ఈ లెక్క రాసింది ఎవరో మనకు తెలుసు.

కనుక మేము చెప్పదలచింది ఇది. ఈ మిషను వందల ఏళ్ళ తాళం ఒకటి పగలగొట్టింది. తండ్రి చేతి నుండి కొడుకు చేతికి తప్ప బయటికి పోని పనితనం ఇప్పుడు ఒక ఫైలయింది. పెన్‌డ్రైవులో వేసుకుని జేబులో పెట్టుకోవచ్చు. ఆ ఫైలు తెరిచినవాడి కులం మిషను అడగదు. మన పిల్ల మౌసు జరిపినా, మరొకరు జరిపినా కత్తి అంతే లోతు దిగుతుంది. కానీ పాత తాళం పగిలిన చోటే కొత్త తాళాలు వేస్తున్నారు. నాలుగైదు లక్షలకు తక్కువ కాకుండా మిషను ఖరీదు ఒక తాళం. త్రీఫేజు కరెంటు, రోడ్డు పక్కన షెడ్డు అద్దె ఇంకో తాళం. నేర్పేవాడు లేకపోవటం మరో తాళం. మన పేరు విని ఆర్డరు ఇవ్వకపోవటం అన్నిటికంటే పెద్ద తాళం. ఈ తాళాలు తుప్పు పట్టి బిగుసుకోకముందే మనం చెయ్యి పెట్టాలి. పదేళ్ళు పోతే ఈ పని కూడా కొన్ని ఇళ్ళ వారసత్వం అయిపోతుంది.

మన మిత్రుల్లో ఇద్దరు రెండు రకాలుగా వాదిస్తున్నారు. ఒకాయన అంటాడు, "మిషన్లు కూలి తినేస్తాయి మాస్టారూ, వాటిని మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలి?" రెండో ఆయన అంటాడు, "మిషను వస్తే కులం దానంతటదే పోతుంది, మీరు గొడవ చెయ్యక్కర్లేదు." ఇద్దరిదీ పొరపాటే.

మొదటి ఆయనకు జవాబు 1945లోనే ఉంది. ఆ ఏడు అచ్చయిన పుస్తకంలో అంబేడ్కర్ గాంధీ గారి యంత్ర వ్యతిరేకతను తూర్పారబట్టాడు. పశువులా రోజంతా వెన్ను వంచే మనిషికి చదువుకీ ఆలోచనకీ తీరిక ఎక్కడిది, ఆ తీరిక ఇచ్చేది యంత్రమే అన్నాడు. కీడు యంత్రంలో లేదు, దాని ఫలం కొద్దిమందికే దక్కేటట్టు చేసిన సమాజపు ఏర్పాటులో ఉందన్నాడు. మిరప కోతలకు, పత్తి తీతలకు పోయి సాయంత్రానికి నడుం పట్టేసిన మన అక్కచెల్లెళ్ళను అడగండి, ఆ మాట నిజమో కాదో చెబుతారు. 1942 నుండి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినవాడు ఆయన. గాలిలో మాట్లాడలేదు.

రెండో ఆయనకు జవాబు అమెరికాలో ఉంది. ఈ మిషను పుట్టింది అక్కడే. జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కల పనిలో ఈ ఆలోచన ఎత్తుకున్నాడు. అమెరికా వైమానిక దళం డబ్బుతో ఎంఐటీ అనే విద్యాసంస్థ 1952లో మొదటి మిషనును ప్రదర్శించింది. అదే కాలంలో అక్కడ ఇంకో పద్ధతి కూడా ఉండేది. పనితనం ఉన్న కార్మికుడు మిషను మీద ఒకసారి వస్తువు చేస్తాడు, ఆ కదలికలను టేపు మీద పట్టుకుని మిషను మళ్ళీ మళ్ళీ చేస్తుంది. అందులో విద్య కార్మికుడి చేతిలోనే ఉంటుంది. యాజమాన్యాలు ఆ దారి పట్టలేదు. విద్యను ఆఫీసు గదిలోకి మార్చి, కార్మికుడికి మీట నొక్కే పని మిగిల్చే దారే పట్టాయి. డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో ఒక పుస్తకం రాసి ఈ కథంతా బయటపెట్టాడు. చూశారా! కులం లేని దేశంలో కూడా మిషను దానంతటది ఎవరినీ విడిపించలేదు. విద్య ఏ గదిలో ఉంది, ఆ గదిలోకి ఎవరికి ప్రవేశం అన్నదే అసలు తగువు. మన దేశంలో ఆ గది గుమ్మం దగ్గర కులం కూడా కాపలా ఉంటుంది.

ప్రభుత్వం మనకు పథకాలు పెట్టలేదా అంటారు. పెట్టింది. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం మొదలయింది. వడ్రంగం, కమ్మరం, చెప్పులు కుట్టడం, బట్టలు ఉతకటం వగైరా 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. కులం పేరు షరతుగా రాయలేదు, నిజమే. కానీ కుటుంబంలో నడిచే సంప్రదాయ వృత్తులు, గురుశిష్య పరంపర అంటూ రాశారు. అంటే ఏమిటి? వడ్రంగి కొడుకు వడ్రంగమే, చాకలి కొడుకు చాకిరేవే, మాదిగ కొడుకు చెప్పులే. పాత అర మీద కొత్త బోర్డు! ఈ షరతు మార్చమని, మార్చకపోతే ఈ రూపంలో పథకం అమలు చెయ్యమని 2024 నవంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశాడు. మన రాష్ట్రంలో ఈ చర్చ ఏ పార్టీ ఎత్తుకుంది? దళితుడికి చెప్పులు కుట్టే కిట్టు వద్దనటం లేదు, కావాల్సినవాడు తీసుకుంటాడు. వడ్రంగం మిషను కావాలన్న మాదిగ పిల్లోడికి, కంప్యూటర్ డిజైను కావాలన్న మాల పిల్లకి దారి ఏదని అడుగుతున్నాం.

2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా అన్నారు. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, కనీసం ఒక మహిళకు, 10 లక్షల నుండి కోటి దాకా అప్పివ్వాలన్నారు. 2025తో ఆ గడువు అయిపోయింది. మన చుట్టుపక్కల శాఖల్లో ఆ ఒక్క ఎస్సీ ఎవరో మనలో ఎంతమందికి తెలుసు? 2025 బడ్జెట్లో మళ్ళీ ఇంకో మాట ఇచ్చారు. మొదటిసారి పరిశ్రమ పెట్టే 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీలకు, ఎస్టీలకు అయిదేళ్ళలో 2 కోట్ల దాకా అప్పులట. పీఎంఈజీపీ అనే పథకంలో 2022లో వస్తు తయారీ యూనిట్ల హద్దు 25 లక్షల నుండి 50 లక్షలకు పెంచారు. పల్లెల్లో పెట్టే ఎస్సీలకు 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం చాలన్నారు. కాగితం మీద కొరత లేదు.

మరి బ్యాంకులో ఏమవుతుంది? మాకు తెలిసిన ఒక కుర్రాడు ఐటీఐ చదివి, ఈ మిషను పెట్టుకుంటానని ఒక బ్యాంకుకు పోయాడు. "పొలం ఎంతుంది?" ఇదీ మొదటి ప్రశ్న. "పొలం లేదు సార్." "ఇల్లు?" "కాలనీ పట్టా." "అది తాకట్టుకు పనికిరాదు బాబూ." నాలుగుసార్లు తిరిగాడు, చెప్పులరిగాయి. ఇప్పుడు గుంటూరులో పార్శిళ్ళు మోస్తున్నాడు. అసలు చిన్న పరిశ్రమకు 10 లక్షల లోపు అప్పుకు ఆస్తి తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది! ఆ కుర్రాడికి ఆ సంగతి తెలియదు. మాకూ అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే పదిమందిమి వెంట పోయి అడిగేవాళ్ళం. ఈ తప్పులో మా వాటా కూడా ఉంది. సంఘం పెట్టి మీటింగులు చేస్తాం, దండలు వేస్తాం, ఒక అప్పు దరఖాస్తు వెంట బ్యాంకు దాకా నడవం. ఇది మారాలి.

2009 ఎన్నికల నుండి ప్రత్తిపాడు ఎస్సీలకు రిజర్వయిన నియోజకవర్గం. అసెంబ్లీలో మన మనిషికి సీటు ఉంది. షెడ్డులో కంప్యూటర్ ముందు మన మనిషికి కుర్చీ లేదు. 2013లో మనం కొట్లాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది, 2023లో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బుతో మండలానికి ఒక మిషను, దాన్ని నేర్పే ఒక గది పెట్టడం కష్టమా?

ఇక్కడ వడ్రంగి సోదరులకు కూడా ఒక మాట. మీరు మా శత్రువులు కాదు. డబ్బున్నవాడు మిషను కొని మీ కొడుకును రోజుకూలికి పెట్టుకుంటున్నాడు. నిన్నటి దాకా ద్వారబంధం మీద తీగలు చెక్కిన చేతులు ఇవాళ మిషను చెక్కినదానికి గరుకు కాగితం రుద్దుతున్నాయి. మీ బిడ్డ రుద్దుతున్నాడు, మా బిడ్డ ఊడుస్తున్నాడు. ఇద్దరూ ఒకే దుమ్ము పీలుస్తున్నారు. చెక్క గుణం, పోగు వాలు మీకు తెలిసినంత ఆ కంప్యూటర్‌కు తెలియదు. ఆ విద్య మా పిల్లలకు చెప్పండి, లెక్కలూ కంప్యూటరూ మా పిల్లలు మీ పిల్లలకు చెబుతారు. కులం కట్టిన అరలు పగిలేది ఇట్లాంటి చోటే.

దుమ్ము అన్నాం గదా, అది చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనిషికి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో 1995లోనే పెట్టింది. ఎండీఎఫ్ చెక్కను అతికించే జిగురులో ఉండే ఫార్మాల్డిహైడును 2004లో అదే కోవలో చేర్చింది. మిషను పక్కన పొడి పీల్చే గొట్టం బిగిస్తే చాలా వరకు ఆగుతుంది. కానీ గొట్టానికి డబ్బు కావాలి, ఊడ్చే మనిషి చవక! ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్లు ఫ్యాక్టరీ చట్టాల లెక్కలోకి రావు. ఆ షెడ్లలో పనిచేసే తమ్ముళ్ళారా, మూతికి తుండుగుడ్డ చాలదు, గట్టి మాస్కు అడగండి. గొట్టం అడగండి. ఒక్కడు అడిగితే పొమ్మంటారు, అందరూ కలిసి అడగండి.

కనుక మేము ఈ పత్రిక ద్వారా అడుగుతున్నాం:

1. సబ్‌ప్లాన్ నిధులతో మన మండలంలో సీఎన్‌సీ శిక్షణ కేంద్రం పెట్టాలి. నేర్చుకునే రోజులకు కూలి నష్టం కింద భత్యం ఇవ్వాలి. సగం సీట్లు ఆడపిల్లలకు ఇవ్వాలి. సుత్తి దెబ్బకు బలం చాలదని ఇన్నాళ్ళూ వాళ్ళను దూరం పెట్టారు, మౌసు జరపటానికి కండ అక్కర్లేదు.

2. ప్రతి బ్యాంకు శాఖా ఎస్సీలకు ఇచ్చిన పరిశ్రమ అప్పుల లెక్క, తిప్పికొట్టిన దరఖాస్తుల లెక్క, కారణాలతో సహా నోటీసు బోర్డు మీద పెట్టాలి.

3. విశ్వకర్మ పథకంలో కుటుంబ వృత్తి షరతు ఎత్తెయ్యాలి. ఏ బిడ్డ ఏ పని నేర్చుకుంటానంటే ఆ పనికే సాయం ఇవ్వాలి.

4. ప్రభుత్వ బడులకు, గురుకులాలకు వచ్చే బల్లలు, బోర్డులు, తలుపుల పనుల్లో కొంత భాగం దళిత యువకుల యూనిట్లకు కేటాయించాలి. ఆర్డరు లేని మిషను తుప్పు పడుతుంది.

5. 2016 నుండి బడుల్లో పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల తాళాలు తియ్యాలి. మాకు తెలిసిన ఒక బడిలో ఆ గది తనిఖీ రోజున మాత్రమే తెరుస్తారు. సామాను పాడవుతుందని భయమట. మళ్ళీ అదే మాట చూశారా!

అడిగి ఊరుకోం. మనం చెయ్యాల్సింది మనమూ చేద్దాం. మిషను లేకపోయినా బొమ్మ గీయటం నేర్చుకోవచ్చు. ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, పాత కంప్యూటర్ ఉంటే చాలు. గీసిన ఫైలు పెన్‌డ్రైవులో తీసుకుపోయి, కోత కూలి ఇచ్చి ఏ షెడ్డులోనైనా కోయించుకోవచ్చు. అంటే విద్య ముందు మన చేతికి వస్తుంది, మిషను తర్వాత వస్తుంది. వచ్చే ఆదివారం నుండి పొద్దున తొమ్మిదింటికి పల్లె అంబేడ్కర్ భవనంలో పాఠం మొదలుపెడుతున్నాం. కంప్యూటర్ మేము తెస్తాం. చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు, కోతలకు పోయే ఆడపిల్లలు, షెడ్డులో పొట్టు ఊడ్చే తమ్ముళ్ళు అందరూ రండి. మౌసు ముట్టుకోవద్దని అక్కడ ఎవ్వరూ అనరు.

వచ్చే ఏప్రిల్ 14కు బాబాసాహెబ్ బొమ్మను మిషనే చెక్కుతుంది. ఆ ఫైలు మాత్రం మన పల్లె పిల్లలు గీసినదై ఉండాలి.

జై భీమ్!